డేవిడ్ లిండ్లీ, మా పెద్దనాన్న హవాయన్ గిటార్

అమెరికా గిటారిస్టు డేవిడ్ లిండ్లీ గురించి రాద్దామని ఆయన పోయిన రోజు నుంచీ అనుకుంటూనే ఉన్నాను. 2023 మార్చి 3న పోయాడు, ఇంకో పద్దెనిమిది రోజులు ఉంటే 79 నిండేవి. ఆ వార్త ఫోన్లో చూసినప్పుడు నేను వైజాగ్‌లో మద్దిలపాలెం జంక్షన్ దగ్గర ఉన్నాను, బండి పక్కకి తీసి ఆపేసి కాసేపు అలాగే నిలబడిపోయా. ఎప్పుడూ కలవని, మన ఊరికీ మన భాషకీ ఏ చుట్టరికం లేని ఒక కాలిఫోర్నియా మనిషి పోతే అంత బాధ ఎందుకేసిందో ఆరోజు ఇంట్లో అడిగితే చెప్పలేకపోయాను, ఎందుకంటే అది చెప్పాలంటే ముందు మా పెద్దనాన్న గురించి చెప్పాలి.

మా పెద్దనాన్న రైల్వేలో చేసేవారు. దొండపర్తి వైపు క్వార్టర్స్, పక్క క్వార్టర్లో ఒక బెంగాలీ కుటుంబం. వాల్తేరు అంటే పాత బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే లైను కదా, హౌరా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయిన బెంగాలీలు అప్పట్లో చాలామంది ఉండేవాళ్లు, వాళ్లతోపాటు రసగుల్లా, దుర్గాపూజ వచ్చినట్టే హవాయన్ గిటార్ కూడా వచ్చింది. కలకత్తాలో ఆ గిటార్ పిచ్చి మామూలుగా ఉండేది కాదు. 1940ల్లో టావ్ మో అనే హవాయి కళాకారుడు కుటుంబంతో సహా కొన్నేళ్లు అక్కడే ఉండి వాయించాడు, ఆ తర్వాత రవీంద్ర సంగీతం, సినిమా పాటలు అన్నీ ఆ గిటార్ మీద రికార్డులుగా వచ్చేశాయి. ఆ పక్క క్వార్టర్ దాదా దగ్గరే పెద్దనాన్న నేర్చుకున్నారు. కలకత్తాలో చేసిన చవక గిటారే, మెడ చివర తీగలు ఆనే నట్ మీద ఇంకో ఇనుప ముక్క ఎక్కించి తీగలు పైకి లేపారు, ఎడమ చేతిలో ఒక స్టీల్ బార్, కుడి చేతి వేళ్లకి తీగ మీటే పిక్స్, మఠం వేసుకుని కూర్చుని గిటార్ ఒళ్లో పడుకోబెట్టుకునేవారు. చిన్నప్పుడు నాకది గిటార్ అనిపించేదే కాదు. గిటార్ అంటే నిలబడి మెళ్లో వేసుకుని వాయించేది అని నా లెక్క.

ఆ లెక్కతోనే నేను మామూలు గిటార్ నేర్చుకున్నా, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో ఏడెనిమిదేళ్లు రిథమ్ వాయించా, గాజువాక నుంచి భీమిలి దాకా మేం ఎక్కని కళ్యాణ మండపం లేదు. అప్పుడు నాకు తెలిసిన గొప్ప గిటారిస్టులంటే వేగంగా వాయించేవాళ్లే. ఒక్క సెకనులో ఎన్ని స్వరాలు పడ్డాయి అన్నదే కొలత.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది. ఆ రోజు గురించి వైజాగ్ వాళ్లకి నేను కొత్తగా చెప్పేదేం లేదు. చెట్లన్నీ పడిపోయి, ఊరికి ఊరే బోడిగా అయిపోయి, రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, నీళ్ల కోసం బిందెలు పట్టుకుని ట్యాంకర్ల వెంట తిరిగాం. ఆ సాయంత్రాల్లో పెద్దనాన్న అటక మీంచి గిటార్ దింపించారు. రిటైరై చాలా ఏళ్లయింది అప్పటికే, తీగలు సముద్రపు గాలికి తుప్పు పట్టి ఉన్నాయి (ఈ ఊళ్లో గిటార్ తీగలు పట్టుమని నెల ఉండవు, బీచ్ దగ్గర ఇళ్లయితే ఇంకా అన్యాయం), వాటినే నూనె గుడ్డతో తుడిచి వరండాలో కూర్చుని వాయించారు. ఒక కొవ్వొత్తి, చుట్టూ చీకటి, అసలు ఏ శబ్దమూ లేని వీధి. ఫ్యాన్ హోరు లేదు, టీవీ లేదు, బళ్లు లేవు. ఆ నిశ్శబ్దంలో ఒక్కో స్వరం ఎంత దూరం వెళ్లేదంటే ఎదురింటి వాళ్లు మంచాలు బయటికి వేసుకుని వినేవాళ్లు.

నన్ను ఒకసారి వాయించమన్నారు. బార్ పెట్టి ఒక తీగ మీటి, వెంటనే ఎత్తేసి రెండో దానికి వెళ్లిపోయాను, మామూలు గిటార్ అలవాటు. పెద్దనాన్న అన్నారు, "తొందరపడి ఎత్తెయ్యకురా, తీగని పోనీ". నాకు అర్థం కాలేదు. కరెంటు వచ్చేసింది, గిటార్ అటకెక్కింది, నేను ఆర్కెస్ట్రాలకి వెళ్లిపోయా.

ఇంకో రెండేళ్లకి మా కీబోర్డ్ ప్లేయర్ ఒక పాట పంపాడు, అమెరికా గాయకుడు జాక్సన్ బ్రౌన్ పాడిన రన్నింగ్ ఆన్ ఎంప్టీ. 1977 నాటి ఆల్బమ్, పేరు కూడా అదే. అందులో ఒక విశేషం ఏంటంటే స్టూడియోలో కూర్చుని చేసింది కాదు, టూర్ మీద ఉండగా స్టేజీల మీద, హోటల్ గదుల్లో, నడుస్తున్న బస్సులో కూడా రికార్డ్ చేశారు, పైగా అన్నీ అంతకుముందు ఆయన ఏ ఆల్బమ్‌లోనూ రాని పాటలు. నేను అర్ధరాత్రి ప్రోగ్రామ్ అయిపోయి ఇంటికొచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. పాట మొదలైంది, బాగుంది, పల్లవి అయింది, అప్పుడు ఏదో ఒక గొంతు లేచింది. గొంతు అనే అనుకున్నాను. పాడేవాడి పక్కన ఇంకొకడు మాటలు లేకుండా పాడుతున్నాడు అనిపించింది. కాసేపటికి గానీ అది తీగ అని తెలియలేదు, తెలిశాక ఒళ్లు ఝల్లుమంది, ఎందుకంటే ఆ జారుడు నాకు తెలుసు. కొవ్వొత్తి వెలుగులో విన్నదే. కాకపోతే ఇది ఆంప్ (ఆంప్లిఫయర్) లోంచి గరగరమంటూ, ఏడుపుకీ అరుపుకీ మధ్యలో ఉంది.

పేరు వెతికితే డేవిడ్ లిండ్లీ, ల్యాప్ స్టీల్. అంటే పెద్దనాన్న వాయిద్యమే, ఎలక్ట్రిక్ అంతే.

ఆ రాత్రి నుంచి ఒక సంవత్సరం నేను ఇంకేం విన్నట్టు గుర్తులేదు.

ల్యాప్ స్టీల్ సంగతి తెలియని వాళ్లకి కొంచెం చెప్తాను, ఇది తెలిస్తే ఆయన చేసింది ఎంత కష్టమో తెలుస్తుంది. మామూలు గిటార్ మీద వేలితో తీగని నొక్కితే అది మెడ మీద ఫ్రెట్ అనే లోహపు మెట్టుకి తగిలి స్వరం పలుకుతుంది, వేలు కాస్త అటూ ఇటూ అయినా ఫ్రెట్ కాపాడేస్తుంది. ల్యాప్ స్టీల్‌లో కాపాడేవాడు లేడు. తీగలు ఎత్తుగా ఉంటాయి, కింద ఫ్రెట్లు ఉట్టి గీతలే, తీగ వాటిని తాకదు. బార్ సరిగ్గా గీతకి పైన ఉండాలి, వెంట్రుకంత పక్కకి జరిగినా అపశ్రుతి. పైగా బార్ తిన్నగా ఉంటుంది కాబట్టి ఆరు తీగల మీదా ఒకే వరస, మనకి కావాల్సినట్టు వేళ్లు విడగొట్టి కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుంపు) పట్టుకోవడం కుదరదు. తీగల్ని ముందే, ఊరికే మీటినా ఒక కార్డ్ పలికేలా, ఒక ఓపెన్ ట్యూనింగ్‌లో పెట్టుకుని, ఏ తీగ మీటాలో ఏది వదిలెయ్యాలో కుడి చెయ్యి చూసుకోవాలి. అనవసరంగా మోగే తీగల్ని బార్ వెనక వేళ్లు ఆనించి ఆపాలి. ఇన్ని చూసుకుంటూ పాడినట్టు వాయించాలి.

దీన్ని కనిపెట్టింది హవాయి కుర్రాడు జోసెఫ్ కెకుకు. 1874లో పుట్టాడు, ఒవాహు దీవిలో లాయియె అనే ఊరు, బడికెళ్లే వయసులోనే ఇనుప ముక్కతో తీగ మీద జార్చడం మొదలుపెట్టాడంటారు, రైలు పట్టాల మీద నడుస్తుంటే దొరికిన బోల్టు తీగలకి తగిలి ఆ శబ్దం వచ్చిందని కథ. మా పెద్దనాన్నకి ఈ కథ చెప్పి ఉంటే ఎంత మురిసిపోయేవారో, రైల్వే మనిషి కదా. ఇంకో మాట, వ్యాపారంగా నిలదొక్కుకున్న మొట్టమొదటి ఎలక్ట్రిక్ గిటార్ కూడా ల్యాప్ స్టీలే. 1932లో రికెన్‌బ్యాకర్ వాళ్ల నుంచి వచ్చింది, గుండ్రటి ఒళ్లు, పొడుగు మెడ, అచ్చం పెనంలా ఉంటుందని ఫ్రయింగ్ పాన్ అనేవాళ్లు. అంటే ఇవాళ మనం స్టేజీల మీద చూసే రాక్ గిటార్లన్నీ ఒళ్లో పడుకున్న గిటార్ తర్వాత లేచి నిలబడినవే.

సరే లిండ్లీ. 1944 మార్చి 21న పుట్టి, లాస్ ఏంజెలెస్ పక్కన శాన్ మరీనోలో పెరిగాడు. వాళ్ల నాన్న దగ్గర పాత 78 ఆర్‌పీఎం రికార్డులు బోలెడు ఉండేవి, వాటిలో కొరియా జానపదం, మన సితార్ కూడా ఉన్నాయి. ఈ సంగతి చదివినప్పుడు నాకు చాలా విషయాలు ఒక్కసారిగా తెలిసినట్టయింది. చిన్నప్పుడే చెవిలో సితార్ మీండ్, అంటే స్వరం నుంచి స్వరానికి జారడం, పడ్డవాడు తర్వాత తీగని అలా జార్చడంలో ఆశ్చర్యం ఏముంది. కుర్రతనంలో బాంజో, ఫిడేలు. టొపాంగా కాన్యన్‌లో జరిగే బాంజో ఫిడేలు పోటీ ఐదుసార్లు గెలిచాడు. 1966లో కలైడోస్కోప్ అనే బ్యాండ్, అందులో అమెరికా జానపదం పక్కనే అరబ్బు సంగీతం, టర్కీ సంగీతం. 1970ల్లో జాక్సన్ బ్రౌన్‌తో. 1981లో సొంత బ్యాండ్ ఎల్ రేయో ఎక్స్, అక్కడ రెగె, బ్లూస్ అన్నీ కలిపేశాడు. ఊద్, బుజూకీ, సాజ్, మాండలిన్, ఏది చేతికిస్తే అది.

ఇక్కడే నాకు చాలామందితో పేచీ. ఆయన గురించి ఎవరు మాట్లాడినా అన్ని వాయిద్యాలు వాయించాడు, ఇన్ని వాయించాడు అని లెక్క చెప్తారు. ఆల్ రౌండర్ అంటారు. లెక్క నిజమే గానీ గొప్పతనం ఆ లెక్కలో లేదు. నేను మాత్రం ఆయన్ని మన కచేరీ భాషలో చెప్తాను, ఆయన పక్కవాద్యం. మన దగ్గర పక్కవాద్యం అంటే చిన్నమాట కాదు. ఇక్కడికి గంటన్నర ప్రయాణం విజయనగరం, అక్కడి సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్‌గా చేసిన ద్వారం వెంకటస్వామినాయుడు గారి ఫిడేలు అంటే దేశమంతా చెవులు రిక్కించేది, ఒక్కరే కూర్చుని సోలో కచేరీలతో సభలు నింపిన మనిషి. అయినా గాయకుడి పక్కన కూర్చున్నప్పుడు పక్కన కూర్చునే వాయించేవారు. గాయకుడు సంగతి వేస్తే దాన్ని అందుకోవాలి, మించకూడదు, వెనకబడకూడదు, ఆయన ఊపిరి తీసుకున్నప్పుడు ఆ ఖాళీని నింపాలి, ఎంత నింపాలో తెలియాలి. పులుసులో ఇంగువ లాగ. లిండ్లీకి ఆ కొలత తెలుసు.

రుజువు కావాలంటే 1973లో వచ్చిన జాక్సన్ బ్రౌన్ ఫర్ ఎవ్రీమన్ ఆల్బమ్‌లో దీజ్ డేస్ వినండి. ఆ పాట చాలా దిగులు పాట, దాని వెనకాల లిండ్లీ స్లయిడ్ ఎంత తక్కువ వాయిస్తాడో చూడండి. ఇంకెవరైనా అయితే ఆ దిగులు మీద ఇంకో దిగులు పోసేవాళ్లు. తర్వాతి సంవత్సరం లేట్ ఫర్ ది స్కై వినండి, అక్కడ స్టీల్ కాదు, మామూలు ఎలక్ట్రిక్ గిటార్, కానీ ఒళ్లో గిటార్ పెట్టుకున్నవాడి ఆలోచనే, ఒక్కో స్వరం గాయకుడి మాట చివర పట్టుకుని మెల్లగా పక్కకి తీసుకెళ్తుంది. రన్నింగ్ ఆన్ ఎంప్టీ ఆల్బమ్‌లోనే ఒక హోటల్ గదిలో రికార్డ్ చేసిన పాటలో ఫిడేలు పట్టుకున్నాడు. ఆ గదికి ఆంప్, స్టీల్ అక్కర్లేదు, ఫిడేలు చాలు. నా దృష్టిలో అన్నీ వచ్చిన మనిషి అంటే ఇదీ. పది వాయిద్యాలు వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు, ఈ పాటకి ఇది వద్దు అని తొమ్మిది కింద పెట్టగలిగినవాళ్లు తక్కువ.

ఆ ఆల్బమ్ చివర్లో లోడ్ అవుట్ అని ఒక పాట, 1977 ఆగస్టు 27న మేరీల్యాండ్‌లో ఒక ఓపెన్ థియేటర్లో రికార్డ్ చేశారు. ప్రోగ్రామ్ అయిపోయాక సామాన్లు సర్దే కుర్రాళ్ల గురించి పాట. ఇది నాకు ఎంత దగ్గరో చెప్పలేను. మా ఆర్కెస్ట్రా రోజుల్లో రాత్రి రెండింటికి భోజనాల హాల్లో పాత్రలు కడుగుతుంటే, వైర్లు చుట్టి, స్పీకర్ బాక్సులు మోసి, టాటా ఏస్‌లో ఎక్కించే కుర్రాళ్లు ఉండేవాళ్లు, వాళ్ల పేర్లు ఏ పెళ్లి వీడియోలోనూ ఉండవు. ఆ పాట పియానోతో ఒంటరిగా మొదలవుతుంది, హాల్ ఖాళీ అయిపోయినట్టే ఉంటుంది, అప్పుడు లిండ్లీ ల్యాప్ స్టీల్ మెల్లగా లోపలికి వస్తుంది. నాకు ఎప్పుడూ ఆ కుర్రాళ్లలో ఒకడు చేతులు దులుపుకుని వచ్చి పక్కన కూర్చున్నట్టే ఉంటుంది. దాని వెంటనే స్టే అనే పాత పాటలోకి జారిపోతారు, అందులో మూడో విడత పాడేది లిండ్లీయే, సన్నటి ఆడగొంతులాంటి కీచు గొంతుతో, జనం ఒకటే కేకలు. అంత గుండె పిండిన మనిషి వెంటనే అంత సరదాగా పాడగలడు అని తెలిసి ఇంకా ఇష్టమైపోయాడు.

ఆయన దగ్గర ఖరీదైన సామాను లేదని కాదు. డంబుల్ ఆంప్ వాడాడు, అవి ఇప్పుడు బంగారం కన్నా ఘోరం. కానీ తక్కువ ధర కేటలాగ్ గిటార్లంటే, సిల్వర్‌టోన్, టెయిస్కో లాంటివంటే ప్రాణం, జనం పారేసే గిటార్లలో ఆయనకి గొంతు వినపడేది. 1920ల్లో లాస్ ఏంజెలెస్‌లో హెర్మన్ వైసెన్‌బోర్న్ అనే జర్మన్ వాయిద్యాల మేస్త్రి చేసిన ఒళ్లో గిటార్లు ఉన్నాయి, కోవా చెక్కతో, మెడ కూడా లోపల బోలుగా ఉంటుంది. లోకం మర్చిపోయిన ఆ వాయిద్యాన్ని మళ్లీ జనం చెవిన వేసిన వాళ్లలో ఈయన ముందుంటాడు. ఇది చదివాక కదా నేను అటక మీద కలకత్తా గిటార్ గుర్తొచ్చి సిగ్గుపడింది.

మనకి ఇది పరాయి సంగీతం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తీగ మీద జార్చడం మన దగ్గర లేనిదా. గోటు వాద్యం ఉంది, ఇరవై ఒక్క తీగలు, మెట్లు లేవు, చేతిలో కర్ర ముక్క జార్చి గమకాలన్నీ పలికిస్తారు. బ్రిజ్ భూషణ్ కాబ్రా గారు గిటార్‌ని ఒళ్లో పెట్టుకుని హిందుస్తానీ రాగాలు వాయించారు, 1967లో శివకుమార్ శర్మ గారి సంతూర్, చౌరాసియా గారి వేణువుతో కలిసి చేసిన రికార్డు ఇప్పటికీ ఇళ్లలో మోగుతోంది. విశ్వమోహన్ భట్ గారి మోహన వీణ కూడా మార్చిన గిటారే, అమెరికా గిటారిస్టు రై కూడర్‌తో కలిసి చేసిన రికార్డుకి 1994లో గ్రామీ వచ్చింది, ఆ రై కూడరే లిండ్లీకి ఏళ్ల తరబడి జోడీ. ఎంత దగ్గర చుట్టరికమో చూడండి. మన పాలకొల్లు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద త్యాగరాజ కీర్తన వాయిస్తే అది ఎక్కడి వాయిద్యం అని ఎవరూ అడగలేదు. వాయిద్యానికి ఊరు ఉండదు అని నేను అనను, ఉంటుంది, కానీ తీగ ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి ఎలా నడిచి వెళ్లిందో వినడానికి మన చెవి పుట్టుకతోనే తయారై ఉంది. గమకం విని పెరిగినవాడికి లిండ్లీ కొత్తగా అనిపించడు. ఆలస్యంగా పరిచయమైన మేనమామలా ఉంటాడు.

పెద్దనాన్న లిండ్లీని వినలేదు. నేను వినిపించే లోపే పోయారు. అది నాకు పెద్ద వెలితి, ఒక్క ఆదివారం హెడ్‌ఫోన్స్ పట్టుకెళ్లి ఉంటే సరిపోయేది. ఆయన పోయాక గిటార్ నాకిచ్చారు. కొత్త తీగలు వేయించి, పైన ఎత్తు నట్ సరిచేసి, రోజూ పొద్దున్న ఆఫీసుకి ముందు అరగంట కూర్చుంటున్నా. మూడో సంవత్సరం ఇది. మొదటి ఆరు నెలలూ ఒక్క స్వరం నిలబడలేదు, బార్ గీత మీద పెడుతున్నాననుకుంటాను, కన్ను ఒక చోట చూస్తుంది, చెవి ఇంకో చోట చెప్తుంది. ఇప్పుడు చెవి మాటే వింటున్నా.

కిందటి నెల ఆదివారం పెద్దమ్మని చూడ్డానికి ఎంవీపీ కాలనీ వెళ్లాను. ఆవిడ కింద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు, నేను పక్కన గోడకి ఆనుకుని ఫోన్లో లోడ్ అవుట్ పెట్టుకున్నా, చిన్న సౌండే. స్టీల్ వచ్చే చోట పెద్దమ్మ చేతులు ఆగాయి.

"ఏటి నాన్నా అది, ఎవరు వాయిస్తున్నది?"

అమెరికా ఆయన పెద్దమ్మా, పోయారు అన్నాను.

ఇంకాసేపు విన్నారు. ఆ స్వరం చివరి దాకా పోయింది.

"మీ పెద్దనాన్న కూడా ఇలాగే, తీగ ఆగే వరకూ చెయ్యి ఎత్తేవారు కాదు. కూర మాడిపోతోందీ కాస్త చూడండీ అని నేను అరిచినా లేచేవారు కాదు" అని, చిక్కుడుకాయల పళ్లెం పక్కకి జరిపి, "మొదట్నించీ పెట్టు" అన్నారు.

సౌండ్ పెంచి మొదట్నించీ పెట్టాను.